12 లక్షలు, 40 మంది వాలంటీర్లు: అనంతపురం హైస్కూలుకు ఏం చేస్తే నిలబడుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: "మాది బెంగళూరులో మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈ ఏడాది సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద 12 లక్షలు ఖర్చు పెట్టాలి. నాది ఉరవకొండ వైపు కాబట్టి ఆ పని నా నెత్తిన పెట్టారు. ఆఫీసులో 40 మంది వాలంటీర్లుగా వస్తామంటున్నారు. అనంతపురం జిల్లాలో రెండు మూడు ప్రభుత్వ హైస్కూళ్లలో కోడింగ్, రోబోటిక్స్ ల్యాబ్ పెడదామని ఉంది. ఎలాంటి కిట్లు కొనాలి? ఉద్యోగులు పెట్టే గంటలు సీఎస్ఆర్ లెక్కలోకి వస్తాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

కిట్ల గురించి చివర్లో చెప్తాను. డబ్బు పెడితే అంగట్లో దొరికే వస్తువు అది, దానికి తొందరేం లేదు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ సమాధానంలో సగం నా తప్పుల నుంచి వచ్చిందే. కర్నూలు జిల్లాలో ఫిజికల్ సైన్స్ టీచరుగా, తర్వాత హెచ్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా అనంతపురంలో ఒక చిన్న ట్రస్టు తరఫున, కంపెనీల డబ్బుతో స్కూళ్లలో నడిచే కంప్యూటర్ క్లాసుల పని చూస్తున్నాను. ఇచ్చేవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడిందీ నేనే, ఇచ్చిన దానికి లెక్కలు రాసిందీ నేనే.

హెచ్ఎంగా ఉండగా ఒక మార్చిలో ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. "సార్, పది ల్యాప్‌టాప్‌లు ఇస్తాం, నెలాఖరులోగా కార్యక్రమం పెట్టించండి" అన్నారు. పదో తరగతి పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. అయినా వద్దని ఎవరంటారు? షామియానా వేయించాం, వాళ్లు బ్యానర్ కట్టించారు, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు స్వాగత గీతం పాడారు, ఫొటోలు అయ్యాయి, కార్లు వెళ్లిపోయాయి. సాయంత్రం నేను ల్యాప్‌టాప్‌లు లెక్కపెట్టి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, సంతకం చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్కటి పోయినా జవాబు చెప్పాల్సింది నేనే కదా. మా కంప్యూటర్ గది కిటికీకి గడియ కూడా సరిగా పడేది కాదు. జూన్‌లో బయటికి తీద్దాం అనుకున్నాం. జూన్ వచ్చేసరికి కంప్యూటర్ తెలిసిన ఒక్క మాస్టారికీ బదిలీ అయిపోయింది. మరుసటేడు ఆడిట్ కోసం బీరువా తెరిస్తే రెండింటి బ్యాటరీలు ఉబ్బిపోయి, టచ్‌ప్యాడ్లు పూరీ పొంగినట్టు పైకి లేచి ఉన్నాయి. ఆ తాళంచెవి ఏడాదంతా నా జేబులోనే ఉంది. అందుకే ఆ కంపెనీని తిట్టడానికి నాకు నోరు రాదు.

అప్పటినుంచీ ఎవరు సలహా అడిగినా నేను చెప్పేది ఒకటే. డబ్బుతో ముందు మనిషిని పెట్టండి, వస్తువులు తర్వాత కొనండి. మీ వాలంటీర్లు ఆ మనిషికి వెనక బలంగా ఉండాలి. ఇది ఎలాగో చెప్పే ముందు చట్టం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఫైనాన్స్ వాళ్లు మొదట అక్కడే అడ్డం పడతారు.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్‌కు పెట్టాలి. మీకు 12 లక్షలు వచ్చిందంటే సగటు లాభం 6 కోట్లన్నమాట. కట్టాల్సిన మొత్తం 50 లక్షలు దాటలేదు కాబట్టి ప్రత్యేక సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే నిర్ణయం తీసుకోవచ్చు. చదువు, ఉపాధి నైపుణ్యాలు చట్టం ఏడో షెడ్యూల్లో స్పష్టంగా ఉన్నాయి, ఆ విషయంలో చిక్కు లేదు. "బెంగళూరు కంపెనీ అనంతపురంలో ఎందుకు?" అని బోర్డులో ఒకరు తప్పకుండా అడుగుతారు. కంపెనీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ అది దారి చూపే మాటే తప్ప తప్పనిసరి కాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన ప్రశ్నోత్తరాల్లో చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఉద్యోగుల గంటలు లెక్కలోకి వస్తాయా అంటే, రావు. మీ ఇంజనీరు గంటకు ఎంత జీతం తీసుకుంటున్నా, అతను శనివారం వచ్చి పాఠం చెప్పినందుకు ఆ విలువను సీఎస్ఆర్ ఖర్చుగా చూపడానికి వీల్లేదు. ఆఫీసులో వాడి పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లకు రేటు కట్టి చూపించడమూ కుదరదు. చట్టంలో ఉన్న మాట "ఖర్చు పెట్టాలి" అని. వస్తు రూపంలో ఇచ్చి విలువ కట్టడానికి అక్కడ చోటు లేదు. అలాగని ఉద్యోగులను పాల్గొననివ్వొద్దని కాదు, పాల్గొనేలా ప్రోత్సహించమనే ఆ శాఖ చెప్తుంది. ఇది నాకు మంచిదే అనిపిస్తుంది. గంటలకు రూపాయి విలువ వస్తే, 40 మందిని బస్సెక్కించి ఒక్కరోజులో 320 గంటలు రాసుకుని చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది తయారయ్యేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయం. చాలా కంపెనీల్లో "జీతాలకు సీఎస్ఆర్ డబ్బు వాడకూడదు, పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు" అంటారు. ఈ మాట వల్లే అందరూ కిట్ల మీద పడతారు. ఆ 5 శాతం పరిమితి మీ కంపెనీలో సీఎస్ఆర్ వ్యవహారం నడపడానికయ్యే సాధారణ ఖర్చుకు సంబంధించింది. ఒక నిర్దిష్ట ప్రాజెక్టును రూపొందించి, నడిపి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. అంటే స్కూల్లో రోజూ క్లాసు చెప్పే అమ్మాయి జీతం ప్రాజెక్టు ఖర్చే. ఈ ఒక్క ముక్క మీ సీఏతో ముందే ఒప్పించుకుంటే మీ సగం టెన్షన్ తీరుతుంది.

ఎవరా అమ్మాయి అంటారా? ప్రతి మండలంలోనూ ఉంటుంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, పెళ్లయ్యో, నాన్న ఆరోగ్యం బాగాలేకో, బెంగళూరులో హాస్టల్ ఖర్చు భరించలేకో ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు. డిప్లొమా చేసిన కుర్రాళ్లూ ఉంటారు. మా ట్రస్టులో ఆరేళ్లుగా చేస్తున్న అమ్మాయి స్కూటీ మీద రెండు స్కూళ్లు తిరుగుతుంది, వారానికి ఇక్కడ మూడు రోజులు, అక్కడ మూడు రోజులు. మొదట్లో ఆమెకు కోడింగ్ మీకు తెలిసిన దాంట్లో పదో వంతు కూడా తెలియదు. ఏ పిల్లాడు మధ్యాహ్న భోజనం అయ్యాక గోడ దూకి పోతాడో, ఏ పిల్లకు కళ్లద్దాలు కావాలో మాత్రం ఆమెకు తెలుసు. కోడింగ్ మీవాళ్లు నేర్పొచ్చు, రెండోది మీవాళ్లకు ఎప్పటికీ రాదు.

లెక్క వేద్దాం. ఇద్దరికి నెలకు 22 వేల చొప్పున 12 నెలలకు 5 లక్షల 28 వేలు. పెట్రోలు, బస్సు చార్జీలు, ఫోన్లు, మే నెల శిక్షణ అన్నీ కలిపి ఇంకో లక్షన్నర పెట్టుకోండి. వేసవి సెలవుల్లో జీతం కోయకండి, కోస్తే జూన్‌లో ఆ మనిషి ఏదో మెడికల్ షాపులో చేరిపోయి ఉంటుంది. కిట్లకు, విడిభాగాలకు, యూపీఎస్‌కు, కిటికీ గడియకు కలిపి రెండున్నర లక్షలు చాలు. గడియ ఎందుకు రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. మిగిలింది రెండో ఏడాదికి.

రెండో ఏడాదికి అన్నాను కదా, దానికి ఒక మెలిక ఉంది. ఆ సంవత్సరం ఖర్చు కాని డబ్బు మామూలుగా అయితే, ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆరు నెలల్లోగా ఏడో షెడ్యూల్లో ఉన్న ప్రభుత్వ నిధులకు జమ చేయాలి. బోర్డు మొదట్లోనే దీన్ని "కొనసాగే ప్రాజెక్టు"గా తీర్మానిస్తే మాత్రం, మార్చి 31 తర్వాత 30 రోజుల్లోగా ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసి, ఆ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. మార్చి చివర్లో పరుగులు పెట్టి ల్యాప్‌టాప్‌లు కొనడానికి మూలం ఈ తీర్మానం లేకపోవడమే. కంపెనీ సంవత్సరం మార్చిలో ముగుస్తుంది, బడి సంవత్సరం జూన్ 12న మొదలవుతుంది. మధ్యలో ఏప్రిల్, మే ఎండలు. మీ డబ్బు వచ్చే వేళకు పిల్లలు ఉండరు, పిల్లలు వచ్చే వేళకు మీ ఫైలు ఇంకా సంతకాల్లో ఉంటుంది.

బడి క్యాలెండర్ గురించి ఇంకో మాట. మీరు అనంతపురంలోనే చేస్తే వలసల బెడద కొంత తక్కువ, కానీ కర్నూలు పడమర వైపు, ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ దిక్కున స్కూలు తీసుకున్నారంటే జాగ్రత్త. అక్కడ దసరా, దీపావళి దాటాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి ఏరడానికి పోతాయి. "సుగ్గికి పోయినారు సార్" అంటారు పిల్లలు, ఖాళీ బెంచీ చూపించి. లారీల్లో వంటపాత్రలు, మేకపిల్లలు, మనుషులు అన్నీ ఒకేసారి పోతాయి. వెళ్లిన పిల్లల్లో కొందరు సంక్రాంతి దాటినా రారు. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు గానీ అందరూ అందులో ఉండరు. అలాంటి చోట జనవరిలో "ప్రాజెక్టు ఎగ్జిబిషన్" పెట్టుకుంటే, మీరు జూలైలో నేర్పిన పిల్లల్లో చాలామంది గుంటూరు చేలల్లో ఉంటారు. అక్టోబరులోపు ఒక చుట్టు పూర్తి చేయండి. పదో తరగతి పిల్లల్ని అసలు ముట్టుకోవద్దు. డిసెంబరు నుంచి వాళ్లకు ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, హెచ్ఎం మీద ఉత్తీర్ణత శాతం ఒత్తిడి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు మీవి.

ఇక మీ 40 మంది. వాళ్ల ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. బెంగళూరు నుంచి అనంతపురం సుమారు 210 కిలోమీటర్లు, జాతీయ రహదారి 44 మీద పొద్దున్నే బయల్దేరితే తొమ్మిదిన్నరకు వస్తారు. దారిలో టిఫిను, స్కూల్లో పూలదండ, అరగంట మాటలు, గంట క్లాసు, ఫొటో, సాయంత్రం నాలుగుకు మళ్లీ కారు. 40 మంది ఒక్కొక్కసారి ఇలా వస్తే పిల్లలకు 40 మంది కొత్త మొహాలు తెలుస్తాయి, కోడింగ్ తెలియదు. "మల్లా ఎప్పుడొస్తావన్నా?" అని పిల్లలు అడిగే ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పేసి వెళ్లిపోయేవాళ్లను నేను చాలామందినే చూశాను.

ఆ 40లో ఎనిమిది మందిని ఏరండి. తెలుగులో, అదీ మన సీమ తెలుగులో మాట్లాడగలిగినవాళ్లు, ఏడాది పాటు ఉంటామన్నవాళ్లు. కన్నడం వచ్చినవాళ్లకూ పని ఉంది, మడకశిర వైపు కన్నడ మాట్లాడే పిల్లలు ఉన్నారు. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ మీడియం బడులున్నాయి, అక్కడ ఉర్దూ వచ్చిన ఒక్క వాలంటీరు పదిమందితో సమానం. ఈ ఎనిమిది మందిని ఇద్దరిద్దరుగా జత చేసి, ఒక్కో స్కూలుకు, అక్కడ క్లాసు చెప్పే ఇన్‌స్ట్రక్టరుకు రెండేసి జతలను కట్టేయండి. వాళ్ల పని వారానికోసారి సాయంత్రం ఆమెతో 40 నిమిషాల ఫోను: ఈ వారం ఏం జరిగింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏం చేద్దాం. ఏడాదికి మూడుసార్లు స్కూలుకు రావాలి, అదే ఇద్దరు. మిగతా 32 మందికి పని లేదని కాదు. వర్క్‌షీట్లు తెలుగులో రాయడం, పాడైన బోర్డులు రిపేరు చేయడం, పాత ల్యాప్‌టాప్‌ల డేటా పూర్తిగా తుడిచి ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా సాఫ్ట్‌వేర్ వేసి పంపడం. ఎర్రర్ మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో వస్తాయి కదా, అవి చూసి పిల్లలు బిత్తరపోతారు. తరచూ వచ్చే పాతిక ఎర్రర్లకు ఒక్కో లైను తెలుగు వివరణ రాసి గోడకు అతికించే చార్టు చేయించండి. మాకు ఒక వాలంటీరు అలా చేసిచ్చాడు. అతను స్కూలుకు ఎప్పుడూ రాలేదు గానీ, పిల్లలు రోజూ చూసేది అతని రాతే.

మనిషి ఉంటే ఏమవుతుందో ఒక్క సంఘటన చెప్తాను. కళ్యాణదుర్గం వైపు ఒక హైస్కూల్లో మట్టిలో తేమ కొలిచే ప్రయోగం పెట్టాం. వానకు మొహం వాచిన నేల కదా మనది, తేమ అంటే పిల్లలకు వేరే పరిచయం అక్కర్లేదు. టిఫిన్ బాక్సుల్లో ఎవరి చేని మట్టి వాళ్లు తెచ్చారు. ఎర్రమట్టి, నల్లరేగడి, ఒకడైతే పేడ కలిసిన దిబ్బ మట్టి. రెండు కాళ్ల ఫోర్కులా ఉండే చవక సెన్సరు, దాన్ని చదివే ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. బోర్డు 0 నుంచి 1023 దాకా అంకె చూపిస్తుంది. ఎండుమట్టిలో అంకె పైన, నీళ్లు పోస్తే కిందికి దిగుతుంది. మొదటి రోజు పండగే. ఎవరి మట్టి ఎన్ని నిమిషాల్లో ఆరుతుందో పందేలు కట్టారు. సెన్సరును ఒక కుండీలో గుచ్చి అలాగే వదిలేసి, రోజూ నీళ్లు పోసి అంకె రాయమని మా ఇన్‌స్ట్రక్టరు చెప్పింది.

మూడో వారానికి లెక్క తప్పింది. నీళ్లు పోసినా మట్టి ఎండిపోయినట్టే అంకె పైన ఉంటోంది. బెంగళూరులో ఉన్న వాలంటీరు ఫోన్‌లో కోడ్ అంతా చదివించుకున్నాడు, లైబ్రరీ మార్చమన్నాడు, హద్దులు మళ్లీ పెట్టమన్నాడు. రెండు సాయంత్రాలు పోయాయి. మూడో రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సెన్సరు పీకి, పైటకు తుడిచి చూపించింది. "అక్కా, దీనికి చెదలు పట్టింది." ఒక కాలు మీద రాగి పూత చెదలు తిన్నట్టే తినేసింది, రెండో కాలు బాగానే ఉంది. తడిమట్టిలో 24 గంటలూ కరెంటు ఒకే దిక్కున పోతుంటే ఒక కాలి లోహం కరిగిపోతుంది, విద్యుద్విశ్లేషణ. నేను ఎన్నేళ్లు నల్లబల్ల మీద చాక్‌పీసుతో చెప్పిన పాఠమో అది! వాలంటీరు ఫోన్‌లో పెద్దగా నవ్వి, "నేను మట్టి చూడలేదు కదమ్మా, కోడే చూశాను" అన్నాడు. ఆ ఆదివారం కూర్చుని, సెన్సరుకు కరెంటు ఎప్పుడూ ఇవ్వకుండా, గంటకోసారి చదివేటప్పుడు మాత్రమే ఒక పిన్ను నుంచి ఇచ్చేలా మార్చడం ఎలాగో ఇన్‌స్ట్రక్టరు అమ్మాయికి చూపించాడు, ఆమె పిల్లలకు చూపించింది. ఆ కాలు తిన్న సెన్సరును పారేయలేదు, దారం కట్టి కంప్యూటర్ గదిలో మేకుకు వేలాడదీశారు.

ఒక్కరోజు వర్క్‌షాపు పెట్టి వెళ్లిపోయినవాళ్లకు మొదటి రోజు పండగే కనబడుతుంది. మూడో వారం అక్కడ మనిషి ఉంటేనే కనబడుతుంది.

అనుమతుల సంగతి. హెచ్ఎం సరేనన్నంత మాత్రాన పని జరగదు. ఆయన మంచివాడే, కానీ రేపు ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చి "వీళ్లెవరు?" అంటే చూపించడానికి కాగితం ఉండాలి. డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి లెటరు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం రెండూ తీసుకోండి. కేంద్ర విద్యాశాఖ 2021లో కొత్తగా తెచ్చిన విద్యాంజలి పోర్టల్ ఉంది, స్కూలు తనకేం కావాలో అందులో పెట్టొచ్చు, మీరు వాలంటీరుగానో దాతగానో ముందుకు రావొచ్చు. ఆ దారిలో వెళ్తే ఆఫీసుల్లో మాట తేలిక. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న స్థిరమైన వస్తువులు మీ కంపెనీ పేరు మీద ఉండకూడదు. స్కూలుకు, లేదా సీఎస్ఆర్ నమోదున్న ట్రస్టుకు చెందాలి. ప్రారంభోత్సవం రోజే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి.

ట్రస్టును ఎంచుకునేటప్పుడు దానికి ఆదాయపు పన్ను శాఖలో 12ఏ, 80జి నమోదు ఉన్నాయా, కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకుందా చూడండి, 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబరు లేకుండా కుదరదు. మీ కంపెనీయో ప్రభుత్వమో పెట్టిన సంస్థ కాకపోతే ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. కాగితాలు చూశాక ఊరికి వెళ్లి అడగండి. అనంతపురం జనం 1969 నుంచి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవాసంస్థను చూసినవాళ్లు. సంస్థ అంటే ఊళ్లో మనిషి ఉండాలని వాళ్లకు ఒక కొలత ఏర్పడిపోయింది. మీ ట్రస్టు మనిషిని ఆ ఊరి టీకొట్టువాడు పేరు పెట్టి పిలుస్తాడా లేదా అన్నది నేను యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) కంటే ముందు చూస్తాను.

ఉద్యోగులు సొంత డబ్బు ఇస్తామంటే మంచిదే, జీతంలో నెలకు కొంత కోయించుకుని, అంతే మొత్తం కంపెనీ కలపడం చాలాచోట్ల ఉంది. కంపెనీ కలిపిన భాగమే కంపెనీ ఖర్చు, ఉద్యోగి ఇచ్చింది కంపెనీ సీఎస్ఆర్‌లో చూపలేరు. విరాళం మీద వచ్చే 80జి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్త విధానంలో లేదు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అసలే రాదు. ఇది ముందే చెప్పకపోతే మార్చిలో హెచ్ఆర్ మీద పడతారు. అమెరికాలోని మాతృసంస్థ నుంచి నేరుగా డబ్బు తెప్పిద్దామనుకుంటే అది విదేశీ విరాళం, ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. చిన్న ట్రస్టును ఆ చిక్కులోకి లాగకండి.

పిల్లల భద్రత విషయంలో మాత్రం మొహమాటం వద్దు. వాలంటీరు ఒంటరిగా పిల్లతో గదిలో ఉండకూడదు, టీచరో ఇన్‌స్ట్రక్టరో పక్కన ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవడం, వాట్సాప్‌లో విడిగా మాట్లాడటం వద్దే వద్దు. కస్తూర్బా విద్యాలయాల్లో ఆడపిల్లలు రాత్రీ అక్కడే ఉంటారు కాబట్టి సాయంత్రాలు క్లాసుకు భలే అనువు, అక్కడికి మహిళా వాలంటీర్లనే పంపండి. ఫొటోల మీద మీ మార్కెటింగ్ వాళ్లతో ఇప్పుడే గొడవ పడండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల మొహాలు లింక్డిన్‌లో పెట్టడం ఏ రకంగానూ సేవ కాదు.

ఇంకొకటి, చిన్నదే గానీ నేను ప్రతి స్కూల్లో చూశాను. ఒక కంప్యూటర్ ముందు నలుగుర్ని కూర్చోబెడితే మౌస్ మగపిల్లాడి చేతిలో, నోటుబుక్కు ఆడపిల్ల చేతిలో ఉంటుంది. పది నిమిషాలకోసారి గంట కొట్టి చోటు మార్పించండి. గంట కొట్టే పని కూడా ఒక ఆడపిల్లకే ఇవ్వండి, పక్షపాతం ఉండదు.

మూడు స్కూళ్లు కాకుండా రెండే తీసుకోండి. అందులో ఒకటి, ఇప్పటికే అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు పరికరాలతో ప్రయోగాలు చేసుకునే గది) ఉండి నడవని స్కూలైతే ఇంకా మేలు. ఆ ల్యాబులకు నీతి ఆయోగ్ 20 లక్షల దాకా ఇచ్చింది. పరికరాలు ఉంటాయి, కొన్నిచోట్ల పెట్టెలు కూడా విప్పి ఉండవు. అక్కడ మీరు మనిషిని పెడితే చాలు, కిట్ల డబ్బు మిగిలిపోతుంది. దగ్గర్లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంటే వాళ్ల ఎన్ఎస్ఎస్ పిల్లల్నీ కలుపుకోండి. జేఎన్‌టీయూ అనంతపురంలో ఉంది, కడప జిల్లాలో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కర్నూలులో ఐఐఐటీడీఎం ఉన్నాయి. డిగ్రీ పిల్లలు ఎలాగూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. వాళ్లకు 210 కిలోమీటర్ల ప్రయాణం లేదు.

సరే, కిట్లు. పెద్ద పెట్టెల్లో వచ్చే ఖరీదైన రోబో సెట్లు వద్దు. అందులో ఒక ప్రత్యేక ముక్క పోతే మొత్తం మూలన పడుతుంది, ఆ ముక్క అనంతపురంలో దొరకదు. ఆర్డుయినో ఊనో బోర్డులు, బ్రెడ్‌బోర్డులు, ఎల్ఈడీలు, రెసిస్టర్లు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు, చిన్న సర్వో మోటార్లు. తేమకు కెపాసిటివ్ సెన్సర్లు కొనండి, వాటికి చెదలు పట్టదు. కానీ ఒకటి రెండు పాతరకానివీ తీసుకోండి, తినేస్తే పిల్లలు చూస్తారు. చిన్న పిల్లలకు స్క్రాచ్, ఇంటర్నెట్ లేకుండా నడిచే వెర్షన్ ఉంది, ఉచితం. యూఎస్‌బీ కేబుళ్లు కావాల్సిన దానికి రెట్టింపు కొనండి. మొదట పోయేది అవే. వైర్లు, ఎల్ఈడీలు కాలిపోయినా, పోయినా పిల్లల్ని ఏమీ అనొద్దని, వాటిని వాడి పారేసే వస్తువులుగా రాసుకుంటారని హెచ్ఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి. నాకు అప్పుడు అలాంటి కాగితం ఒకటి ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ బీరువా తెరిచేవాణ్ణేమో.

ఈ వారమే ఒక పని చేయండి. మీ మనసులో ఉన్న రెండు స్కూళ్లకు స్వయంగా వెళ్లండి, చెప్పకుండా కాదు గానీ బ్యానర్ లేకుండా. మధ్యాహ్న భోజనం టైములో వెళ్తే హెచ్ఎం కాస్త తీరుబడిగా దొరుకుతారు. కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడగండి. "నా దగ్గరే సార్" అంటే, రెండో తాళంచెవి మీ ఇన్‌స్ట్రక్టరుకు ఇస్తారో లేదో తేలేదాకా కిట్ల ఆర్డరు పెట్టకండి.